రువైస్ పసుపు

మొదటి రోజు చూసి నవ్వినా.
ఎడారి అంచుల ఇంత పసుపు
ఎవరు ఆరబోసిన్రని.
మెట్‌పల్లి యార్డుల మా కుప్ప
నా మోకాలెత్తు ఉంటుండె.
ఇది మూడంతస్తుల మేడెత్తు.
దోసిట్లకు తీసుకొని ముక్కు దగ్గర పెట్టబోతే
గుల్ జమీన్ ఖాన్ చెయ్యి మీద కొట్టిండు:
"హల్దీ నహీ భాయ్, గంధక్."

భూమి కింద గ్యాసు పుల్లగ ఉంటదట.
ఇంజనీర్ల మాటే అది, నాది కాదు.
ఆ పులుపు తీసేస్తే మిగిలేది ఈ పసుపు.
అసలు సరుకు పైపుల్ల పోయి
ఎక్కడెక్కడనో చల్లటి గదులైతది,
తెల్లారేదాకా ఆరని దీపాలైతది.
వద్దని తీసేసిన దాన్ని
పెసరపప్పు లెక్క పలుకులు చేసి
రైలు డబ్బాలల్ల మాకు పంపుతరు.

గుల్ జమీన్‌కు మాత్రం దీని మీద మహా గర్వం.
లోడరు తొట్టి ఎత్తినప్పుడల్లా చెప్తడు:
టైరు గట్టిపడేది దీనితోనే,
బ్యాటరీల నీళ్లు దీనివే,
నువ్వు చాయ్‌ల వేసుకునే చక్కెర
తెల్లబడ్డది దీని పొగకే.
పేరెవ్వడికి యాదికుండదు, అంతే.
వాడు గంధకం గురించే అంటున్నడా
అని ఒక్కోసారి అనుమానమొస్తది.

నా ఛాతీ మీద అగ్గిపెట్టంత మిషను.
గాలిల విషం పది దాటితే కూస్తది.
ఉన్నికృష్ణన్ సారు సేఫ్టీ క్లాసుల చెప్పింది
ఏడేండ్లయినా చెవులనే ఉన్నది:
కుళ్లిన గుడ్డు వాసన వస్తుందా, బతికే ఉన్నవ్.
వచ్చే వాసన ఉన్నట్టుండి ఆగిందా,
గాలికెదురు ఉరుకు.

మా చేన్ల పసుపైతే
వాసన పోతే ధర పోతది.
ఇక్కడ వాసన పోతే మనిషి పోతడు.

ఒకనాడు రాత్రి బెల్టు కింద పొడి అంటుకున్నది.
పగలైతే కండ్లకు ఆనదట ఆ మంట.
చీకట్ల చూసినం:
వంకాయ పువ్వు రంగు,
చప్పుడు లేదు, తొందర లేదు,
ఎవరో మెల్లగ చాప పరుస్తున్నట్టు పాకింది.
నేపాలీ ధన్ బహదూర్ పైపు చేతుల పట్టుకొని
నీళ్లు కొట్టుడు మరిచి
రెండు క్షణాలు అట్లనే చూసిండు.
నేను తిట్టలే.
నేనూ చూస్తున్న.

పన్నెండున్నరకు ఎండ సెలవు.
మూడుదాకా రేకుల షెడ్డు కింద పండుకోవచ్చు.
గంగామణక్క ఫోను అప్పుడే.
మిరుగం సగమైపాయె,
విత్తనపు కొమ్ములు మొలకలేసి కూసున్నయి,
సొసైటీల డీఏపీ లేదట.
ఓడ రాలేదంటున్నరట.

ఓడ నా ఎదురుంగనే ఉన్నది.
నోరు తెరుచుకొని ఉన్నది.
పోయేది కాకినాడకని
పొద్దుగాల్నే ఫోర్‌మన్ చెప్పిండు.

చెప్పిన అక్కకు:
ఈ పసుపు యాసిడైతది,
ఆ యాసిడు జోర్డాను రాయిని కరిగిస్తది,
అట్లయితేనే నీ సంచి.
సంచి మీద ఏ కంపెనీ బొమ్మ ఉన్నా
లోపల నా డ్యూటీ ఉంటది.
అక్క జర సేపు మాట్లాడలే.
"అయితే ఒక్క సంచి పక్కకు పెట్టరాదుర"
అన్నది.
నవ్వుకన్నదో నిజంగన్నదో తెల్వలే.

క్వింటాలుకు ఐదువేలు పలికిన ఏడు
నేనే అన్న,
ఈ పసుపుతోని తెల్లారదక్కా అని.
చేను ఆమెకిచ్చిన, వీసా నేను తీసుకున్న.
పంపకం సమానమనే అనుకున్నం.
ఆమె గోర్ల సందు పసుపు ఉగాదిదాకా పోదు.
నాది సబ్బు పెడితే పోతది,
కండ్లల మంట మాత్రం ఉంటది.

మూడింటికి బెల్టు మళ్ల తిరిగింది.
పోస్తున్న కొద్దీ ఓడ
నీళ్లల్లకు జానెడు జానెడు దిగుతుంది,
ఎర్ర గీత మునిగింది, తెల్ల అంకె మునిగింది.
అక్కడ లైను ఎంత జరిగిందో
మళ్ల ఫోను చేసి అడుగుదామనుకున్న.
పొద్దటి నుంచి ఆమె నిలబడలేదు,
ఆమె చెప్పులు నిలబడ్డయి
అందరి చెప్పుల వరుసల.
ఎవ్వరు జరపకుండ
అందుల ఒక రాయి పెట్టిందట.